ఏడవని పిల్ల

బిడ్డను వదిలి ఊరికి పోవడానికి కార్వేటినగరం ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ఎవరూ నేర్పకపోయినా అది అందరికీ వచ్చు. అవ్వో పెద్దమ్మో బిడ్డను చంకనెత్తుకుని పెరట్లోకి తీసుకుపోతుంది. "అద్దో సూడు కోడి, అద్దో సూడు దాని పిల్లలు" అని మురిపిస్తుంది. ఆ సందులో తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని వీధి వాకిట్లోంచి జారుకోవాలి. వీధిలో ఎదురైన వాళ్ళు కూడా "బయల్దేరినావా" అని గట్టిగా అడగరు, కళ్ళతోనే సాగనంపుతారు. ప్రయాణం పొయ్యేటప్పుడు ఏడుపు వినపడితే శకునం మంచిది కాదు, పైగా తల్లి పోవడం చూస్తే బిడ్డ బెంగపడిపోతుంది. ఈ రెండు మాటలకూ ఎదురు చెప్పిన వాళ్ళు ఆ వీధిలో లేరు.

పంకజాక్షి కూడా చెప్పలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని జారుకోవడంలో ఆమె ఆరితేరింది.

అవి డెబ్భై తొమ్మిది, ఎనభై నాటి సంగతులు. ఆడమనిషి ఎద్దుకు సూది వేస్తుందంటే జనం పని మానుకుని వచ్చి చూసే కాలం. పంకజాక్షి సత్యవేడు పశువుల ఆసుపత్రిలో డాక్టరుగా చేస్తూ, తిరుపతి పశువైద్య కళాశాలలో పై చదువుకు సీటు తెచ్చుకుంది. భర్త బాలసుబ్రమణ్యం సత్యవేడు హైస్కూల్లో లెక్కల అయ్యవారు. మంచివాడే కానీ పాలు కాచమంటే గిన్నె మాడ్చే రకం. కూతురు అలివేలుకు ఇంకా రెండేళ్ళు నిండలేదు. హాస్టల్లో బిడ్డను పెట్టుకోనివ్వరు. అందుకని బిడ్డ కార్వేటినగరంలో అవ్వ, అంటే పంకజాక్షి తల్లి నాగరత్నమ్మ దగ్గర ఉండేటట్లు, తల్లి వీలున్న ఆదివారమల్లా వచ్చి పోయేటట్లు పెద్దలంతా కూర్చుని తేల్చారు. ఆ మాటకు పంకజాక్షి గుండె రాయి చేసుకుని తలాడించింది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆమెకు ఆ ప్రయాణాలంటే ప్రాణం. తెల్లవారుజామున తిరుపతి బస్టాండులో పుత్తూరు బస్సెక్కడం, కొండ మీది నుంచి దిగే చల్లగాలి, గుండు కొట్టించుకుని నెత్తికి గంధం పూసుకున్న సంసారాలు, వాళ్ళ ఒళ్ళో లడ్డూల వాసన. పుత్తూరులో దిగితే విరిగిన చేతులకూ కాళ్ళకూ నాటువైద్యుల దగ్గర కట్లు కట్టించుకుని మూలుగుతూ తిరిగే జనం. అక్కడ చిత్తూరు పోయే బస్సు పట్టుకుంటే దారంతా మామిడితోపులు. ఎండాకాలమైతే బస్సు టాపు మీద మామిడి గంపలు, లోపల ఆ సొన వాసన. కండక్టరుకు అందరి ఊర్లూ తెలుసు, అందరి పెళ్ళిళ్ళూ తెలుసు. ఆమె సంచీలో బిడ్డకోసం బొరుగుల ఉండలు ఉండేవి. చీరకు ఎంత ఉతికినా పోని మేకల వాసన ఉండేది. ఇప్పుడు ఆ దారిలో కార్లో గంటలో పోయి రావచ్చు. ఆమెకు మాత్రం ఆ బస్సే కావాలనిపిస్తుంది.

మొదట్లో అమ్మ కనపడకపోయేసరికి అలివేలు సాయంత్రం దాకా ఏడ్చేదట. ఇంట్లో గదులన్నీ వెతికి, తలుపుల వెనక చూసి, మంచం కింద కూడా చూసి ఏడ్చేదట. తర్వాత తర్వాత ఏడుపు తగ్గింది. చలికాలం వచ్చేసరికి అసలు ఏడవడమే మానేసింది.

"సూసినావా, ఎంత బుద్ధిమంతురాలు అయిందో!" అని నాగరత్నమ్మ మురిసిపోయింది. "నువ్వు పోయినా ఒక్క కన్నీటిబొట్టు రాల్చదు. నీ మాదిరి కాదుమే. నిన్నిడిసిపెట్టి నేను తిరణాలకు పోతే ఊరు ఊరంతా ఏకం చేస్తివి."

పంకజాక్షి కూడా మురిసిపోయింది. కానీ ఆ మురిపెంలో ఏదో నలుసు ఉండేది. ఎందుకంటే ఆ బుద్ధిమంతురాలు అమ్మ వచ్చినా పరిగెత్తుకు రావడం లేదు. స్తంభం పక్కన నిలబడి చూస్తుంది. "ఎవరమ్మా వచ్చింది?" అని అడిగితే "అమ్మ" అని పాఠం అప్పజెప్పినట్లు చెబుతుంది. ఎత్తుకుంటే పెనుగులాడదు, మెడ పట్టుకోదు, దించితే దిగుతుంది. బొరుగుల ఉండ ఇస్తే తీసుకుని పక్కకు పోయి తింటుంది. గిన్నె కింద పడితే చాలు, ఒళ్ళంతా ఉలిక్కిపడుతుంది.

"కోళ్ళంటే కూడా బెదురు పట్టుకున్నాది దీనికి" అని నాగరత్నమ్మ ఇంకో సంగతి చెప్పింది. "పెరట్లోకి రమ్మంటే గడప పట్టుకోని రాదు. ముందు కోడిపిల్లలంటే ప్రాణం ఇచ్చేది. తాయెత్తు కట్టించినా, ఏం గుణం ల్యా."

బిడ్డ మెడలో ఎర్రదారానికి కట్టిన తాయెత్తును చూసి పంకజాక్షి నవ్వింది. ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే చెప్పులు చేతబట్టుకుని బయటపడింది. ఆ రోజు పెరట్లోకి రాదు గనక బిడ్డను వంటింట్లో కూర్చోబెట్టారు. వాకిలి దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే, వంటింటి గుమ్మంలోంచి అలివేలు తననే చూస్తూ ఉంది. ఏడవలేదు. చూసి, తల తిప్పుకుంది.

బస్సులో పంకజాక్షికి ఆ తల తిప్పుకోవడం పదే పదే గుర్తొచ్చింది. నా బిడ్డ నాకు కాకుండా పోతోందా అన్న భయం ఆమెకు మొట్టమొదట ఆ రోజే పుట్టింది. చదువు మానేసి వచ్చేద్దామా అనుకుంది. చదువు మానేస్తే మాత్రం తల తిప్పుకున్న బిడ్డ ఇటు తిప్పుతుందా అని కూడా అనుకుంది. దారిలో పక్కన కూర్చున్న ముసలాయన జామకాయ ఇస్తే వద్దనలేక తిన్నది, రుచి తెలియలేదు.

కాలేజీ మేకల ఫారంలో ఆమె చేస్తున్న పని కూడా, చూస్తే, తల్లులనూ పిల్లలనూ విడదీసే పనే. ఆచార్యులు ఏకాంబరం గారు తలపెట్టిన పరిశోధన అది. మేకపాలు అమ్ముకునే వాడికి పిల్లను తల్లి నుంచి తొందరగా వేరు చేయాలని ఉంటుంది. ఎలా వేరు చేస్తే పిల్లకు హాని తక్కువ? కొన్ని పిల్లలను ఇనుప జాలీకి ఇవతల పెట్టారు. తల్లులు అవతల. తాగలేవు కానీ చూడగలవు, వాసన పట్టగలవు. ఇంకొన్నింటిని పెద్ద గోడ అవతల కొట్టంలో పెట్టారు. వాటికి తల్లి కనపడదు, వినపడదు. అన్నిటికీ సీసాతో పాలు పట్టేవాళ్ళు.

జాలీ పక్క పిల్లలు చేసిన గోల అంతా ఇంతా కాదు. పొద్దస్తమానం అరుపులే. హాస్టల్లో పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళు వచ్చి పోట్లాడి పోయారు. గోడ అవతలి పిల్లలు మొదట అరిచాయి, వెతికాయి, తర్వాత నోరు మూసుకున్నాయి. ఏకాంబరం గారు వాటిని చూసి సంబరపడిపోయేవారు. పెద్ద మీసాల మనిషి, సంబరం వస్తే మీసం కొస నమిలేవారు.

"చూడమ్మా పంకజాక్షీ, ఋషుల మాదిరి కూర్చున్నాయి. కనపడకుండా చేస్తే మరిచిపోతాయి. ఇంకేం కావాలి రైతుకు?"

పంకజాక్షికీ అదే సబబనిపించింది. ఆ గోడ అవతలి వాటిలో చెవుల మీద తెల్లమచ్చలున్న ఆడ మేకపిల్ల ఒకటి ఉండేది. రక్తం తీయడానికి మెడ పట్టుకుంటే జాలీ పక్కవి తన్నేవి, పారిపోయేవి. ఈ మచ్చలది కదిలేది కాదు.

"దీన్ని పట్టుకునే పన్లేదు డాక్టరమ్మా" అనేవాడు మేకలను చూసుకునే చెంగయ్య. "ఇది కదల్దు. సూది గుచ్చుకోని పోవచ్చు."

"బుద్ధిమంతురాలు" అని పంకజాక్షి దాని వీపు నిమిరేది.

రక్తంలో వాళ్ళు వెతుకుతున్నది ఒక హార్మోను. మూత్రపిండాల మీద టోపీల్లాగా చిన్న గ్రంథులు ఉంటాయి. ప్రాణికి భయమో బాధో కలిగితే అవి కార్టిసాల్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. కాసేపు వదిలితే మంచిదే, పారిపోవడానికి బలం వస్తుంది. రోజుల తరబడి వదులుతూనే ఉంటే లేత ప్రాణి స్వభావమే మారుతుంది. ఆ హార్మోనును కొలిచే యంత్రం అప్పట్లో తిరుపతిలో లేదు. ఏకాంబరం గారు రక్తం సీసాలను ఐసుపెట్టెలో పెట్టుకుని తానే రైల్లో మద్రాసు పోయి అక్కడి ప్రయోగశాలలో కొలిపించుకుని వచ్చారు.

రైలు దిగి ఇంటికి కూడా పోలేదు. సంచీతోనే ఫారానికి వచ్చేశారు. మీసం నములుతూ ఉన్నారు.

"ఓడిపోయినానమ్మా పంకజాక్షీ! నేను పూర్తిగా ఓడిపోయినాను" అన్నారు, లాటరీ తగిలిన మనిషి మాదిరి.

"ఏమైంది సార్?"

"అరిచి గీపెట్టినవి ఉండాయే, జాలీ పక్కవి, వాటికి కార్టిసాల్ మామూలుకంటే కొంచెమే ఎక్కువ. రాను రాను తగ్గిపోయింది కూడా. ఆ గోడ అవతల ఋషులు ఉండారు చూడు, వాటికి అంతకు రెట్టింపు. తగ్గనే లేదు. నోరు మూసుకున్నాయి కానీ లోపల ఉడికిపోతా ఉండాయమ్మా. అమ్మ కనపడతా ఉంటే ఏడవొచ్చు, ఏడిస్తే వస్తాదని ఆశ. కనపడకుండా పోతే ఇంక ఎవరికోసం ఏడవాల? అందుకని ఊరుకున్నాయి. మరిచిపోయి కాదు."

పంకజాక్షి గోడ అవతలి కొట్టంవైపు నడిచింది.

మరునాడు పిల్లలను తల్లుల దగ్గరకు వదిలి చూశారు. జాలీ పక్కవి ఒక్క దూకులో పొదుగుల కిందికి దూరాయి. మచ్చలదాన్ని చెంగయ్య ఎత్తుకొచ్చి తల్లి ముందు దించాడు. తల్లి పిలిచింది, దగ్గరకు వచ్చి వాసన చూసింది, మూతితో నెట్టింది. పిల్ల కదల్లేదు. ఎవరో పాలడబ్బా జారవిడిస్తే ఆ చప్పుడుకు ఒళ్ళంతా ఉలిక్కిపడింది. తర్వాత మెల్లగా తిరిగి, గోడవైపు ముఖం పెట్టుకుని నిలబడింది.

పంకజాక్షి దాణా బస్తా మీద కూలబడింది. వంటింటి గుమ్మంలోంచి తిరిగిన తల ఆమెకు మళ్ళీ కనపడింది. కోళ్ళంటే బెదురు ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. కోళ్ళు చూసిన ప్రతిసారీ అమ్మ మాయమైపోయింది. పాపం, ఆ బిడ్డ దృష్టిలో అమ్మను ఎత్తుకుపోతున్నవి ఆ కోళ్ళే. అవ్వ ముద్దుగా చంకనెత్తుకున్నా భయమే. తాయెత్తు కట్టాల్సింది బిడ్డకు కాదు, తమకే. పంకజాక్షికి ఏడుపు ముంచుకొచ్చింది, అందరి ముందూ ఏడ్చింది.

"కండ్లు తిరిగినాయా డాక్టరమ్మా? నీళ్ళు తెచ్చేదా?" అని చెంగయ్య కంగారు పడ్డాడు.

ఏకాంబరం గారికి మాత్రం సంగతి అర్థమైంది. ఆమె బిడ్డ ఊర్లో ఉందని ఆయనకు తెలుసు. "చూడమ్మా" అన్నారు మెల్లగా, "మేకను చూసి మనిషిని అంచనా కట్టకూడదు. థీసిస్‌లో అట్లాంటి వాక్యం ఒక్కటి రాసినావంటే కొట్టేస్తాను."

"రాయను సార్. ఈ శనివారం సెలవు కావాల."

"పో" అన్నారాయన. "ఇప్పుడే పో."

ఆ ఆదివారం మధ్యాహ్నం బయల్దేరే వేళకు నాగరత్నమ్మ ఎప్పటిలాగే మనవరాలిని ఎత్తుకోబోయింది. పంకజాక్షి వద్దంది. బిడ్డ ఎదురుగా నేలమీద చతికిలబడింది.

"అలివేలూ, అమ్మ ఇప్పుడు పోతాది. బస్సెక్కి తిరుపతికి పోతాది. ఆడ మేకలకు మందులు ఏస్తాది. మళ్ళా వస్తాది. నువ్వూ అవ్వా నన్ను బస్సు కాడ సాగనంపాల."

నాగరత్నమ్మ ఒంటికాలి మీద లేచింది. "బుద్ధుండే మాట్లాడతా ఉండావామే? పొయ్యేటప్పుడు బిడ్డను ఏడిపించుకోని పోతావా? ఏడుపు ఎదురైతే ఏమవుతాదో తెలీదా నీకు? ఎవరు జెప్పినారు నీకు ఈ కతలు?"

"మేకలు చెప్పినాయి."

"మేక మేకే, బిడ్డ బిడ్డే!"

"మా సారూ అదే అన్నాడులే."

"అంటే మరి?" అంది నాగరత్నమ్మ. "నువ్వు బస్సెక్కి పోతావు. ఆ ఏడుపు నా సంకలో ఉంటాది. సందేళ దాకా నేను దాన్ని ఏసుకోని తిరగాల. అది ఏడస్తా ఉంటే సూడలేనుమే. ఎన్ని దినాలు సూసినాననుకున్నావు ముందు?"

అమ్మ చెప్పింది నిజం. జారుకున్న వాళ్ళకేం, ఏడుపు మోసింది ఆమె. పంకజాక్షి లేచి తల్లి చేయి పట్టుకుంది. "ఇంకొంచెం మొయ్యిమా" అంది. నాగరత్నమ్మ చెంగు నడుముకు దోపుకుని, బిడ్డను చంకనెత్తుకుని ముందు నడిచింది.

బస్సు వచ్చింది. పంకజాక్షి అందరికీ వినపడేలా "పోయొస్తా అలివేలూ" అంది. బిడ్డ చూస్తూ ఉంది. తల్లి మెట్టెక్కింది, బిడ్డ చూస్తూనే ఉంది. కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి బయటపెట్టి ఊపింది. అప్పుడు అలివేలు కింది పెదవి వంకర పోయింది. ముఖమంతా ఎర్రబడింది. నెలల తరబడి ఏడవని బిడ్డ ఒక్కసారిగా గొంతెత్తి "అమ్మా" అని ఏడ్చిన ఏడుపుకు బస్సులో జనమంతా లేచి నిలబడ్డారు.

"ఏందమ్మా ఇది, బిడ్డ అంతగా ఏడస్తా ఉంటే రాయి మాదిరి కూసోనుండావే!" అని వెనక సీటు ఆమె తిట్టింది.

"దిగుతావా, ఆపమందునా?" అన్నాడు కండక్టరు.

దిగాలనే ఉంది. కాళ్ళు లేస్తున్నాయి. పంకజాక్షి ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని "పోనీ అన్నా" అంది. ఆ ఏడుపు బస్సు వెంట చాలా దూరం వచ్చింది. చదివిన చదువు ఒక్కటీ ఆ పూట ఆమెకు అక్కరకు రాలేదు. మేకలను నమ్మి బిడ్డను చంపుకుంటున్నానేమో అని పుత్తూరు దాకా ఏడుస్తూనే ఉంది.

ఆ తర్వాత పోయిన ప్రతిసారీ అదే తంతు. అలివేలు ముందు రోజు నుంచే కొంగు పట్టుకుని తిరిగేది. బస్సు దగ్గర రభస చేసేది. ఒకసారి రోడ్డు మీద పడి దొర్లింది. వీధిలో ఆడవాళ్ళు పంకజాక్షిని చూసి ముఖాలు తిప్పుకున్నారు. చదువుకున్నదానికి కడుపుతీపి ఉండదని అనుకున్నారు. నాగరత్నమ్మ కూతురికి అన్నం పెట్టేది కానీ మాట్లాడేది కాదు. బాలసుబ్రమణ్యం సత్యవేడు నుంచి వచ్చి, ఒకసారి ఆ రభస చూసి, అంగడికి పోయి వస్తానని చెప్పి సాయంత్రం దాకా తిరిగి రాలేదు. పంకజాక్షి మాత్రం మానలేదు. పోయేటప్పుడల్లా చెప్పింది. వస్తానన్న రోజుకు జ్వరంలో కూడా వచ్చింది.

మామిడికాయలు టెంకపట్టే కాలం వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం ఆమె కార్వేటినగరంలో బస్సు దిగి సంచీ సర్దుకుంటుంటే, వీధి మొదట్లో గౌను వేసుకున్న చిన్న మనిషి ఒకతె నిలబడి ఉంది. వెనకాలే, అరుగు మీద అవ్వ. ఆ చిన్న మనిషి పరిగెత్తుకు వచ్చింది. వచ్చి కావలించుకోలేదు. రెండు పిడికిళ్ళతో పంకజాక్షి మోకాళ్ళ మీద దబదబా బాదింది. చెయ్యి పట్టుకుని కొరికింది.

"యాడికి పోయినావు? యాడికి పోయినావు నువ్వు?"

"తిరుపతికి. చెప్పి పోయినా కదమ్మా."

"ఎందుకు పోయినావు?"

పంకజాక్షి నడివీధిలో కూర్చుండిపోయి బిడ్డ కొట్టినన్ని దెబ్బలూ తిన్నది. అంత హాయి ఆమె జన్మలో ఎరగదు. కొట్టి కొట్టి అలసిపోయి అలివేలు మెడ కావలించుకుంది. అరుగు మీద నాగరత్నమ్మ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

ఎండ కొంచెం తగ్గాక ముగ్గురూ అరుగు మీద కూర్చున్నారు. అలివేలు అమ్మ ఒళ్ళో ఎక్కి కూర్చుని బొరుగుల ఉండ సగం తిని, సగం అమ్మ నోట్లో కుక్కింది. చాలాసేపు అమ్మ గాజులు లెక్కపెట్టినట్లు తిప్పుతూ కూర్చుని, ఉన్నట్టుండి అడిగింది.

"ఎప్పుడు పోతావు?"

నాగరత్నమ్మ కూతురి వైపు చూసింది. పంకజాక్షి దాచలేదు.

"రేపు మద్దేన్నం పోతాను."

"నేను నిద్ర లేసినాకనా?"

"నువ్వు నిద్ర లేసి, పాలు తాగి, నీళ్ళు పోసుకోని, మనం ముగ్గురం అన్నం తిన్నాక."

ఇంతలో వీధిలో పిల్లలు పాత సైకిల్ టైరు దొర్లించుకుంటూ వచ్చారు. పక్కింటి వరదమ్మ గారి మనవరాలు "అలివేలూ, వస్తావా?" అని కేకేసింది. అలివేలు టైరును చూసింది, అమ్మను చూసింది. ఒళ్ళోంచి మెల్లగా జారి దిగింది. తల్లి ముఖానికి ముఖం దగ్గరగా పెట్టి, వేలు చూపిస్తూ చెప్పింది.

"నేను ఆడుకోను పోతా ఉండాను. మళ్ళా వస్తా. నువ్వు ఈడే ఉండు."

అని టైరు వెంట పరుగెత్తింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

పంకజాక్షి ఒళ్ళో బొరుగులు రాలి ఉన్నాయి. అంత దూరం నుంచి ఆ ఒళ్ళు నింపుకోవడానికే వచ్చిన మనిషి, ఖాళీ ఒళ్ళు చూసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అయ్యో, ఇప్పుడు నువ్వెందుకు ఏడస్తా ఉండావుమే?" అంది నాగరత్నమ్మ. అన్ని వారాల తర్వాత కూతురితో ఆమె ఆడిన మొదటి మాట అది.

"చెప్పి పోయిందిమా" అంది పంకజాక్షి. "నాకు చెప్పి పోయింది."